ఇల్లడ సొమ్ము

పరుల సొమ్మును మన యింట దాచియుంచి, అడిగిన నాడు అడిగినవానికి ఉన్నదున్నట్లు ఒప్పగించుటకు మించిన పరీక్ష గృహస్థునకు లేదని మన పెద్దలు తలచిరి. దీనికే ఇల్లడ యనియు, న్యాసమనియు, నిక్షేపమనియు పేర్లు. మనుధర్మశాస్త్రమున వ్యవహారపదములు పదునెనిమిదిగా చెప్పబడినవి. వానిలో మొదటిది ఋణము, రెండవది నిక్షేపము, మూడవది అస్వామివిక్రయము. అనగా నమ్మి దాచినదానిని హరించుట యొక నేరము. తనది కానిదానిని తనదానివలె అమ్ముకొనుట దాని ప్రక్కనే నిలుచు నేరము. యాజ్ఞవల్క్యుడు ఉపనిధి యనుదానిని గూర్చియు చెప్పెను. లోపల నేమున్నదో చెప్పక ముద్రవేసి యిచ్చిన పెట్టె యది. దానిని ఇచ్చినది యిచ్చినట్లే తిరిగి యీయవలెను. ముసల్మానుల యిండ్లలో ఈ ధర్మమునకే అమానతు అని పేరు. మహమ్మదు ప్రవక్తను మక్కావాసులు అమీన్, అనగా నమ్మదగినవాడు, అని పిలిచిరని వారి సంప్రదాయము చెప్పుచున్నది.

ఈ పాత ధర్మమును మేమిప్పుడు జ్ఞప్తికి దెచ్చుటకు కారణము కలదు. నేడు మనము పరులయొద్ద దాచుచున్నది బంగారము మాత్రమే కాదు. మన పేరు, వయస్సు, ముఖచిత్రము, పదివ్రేళ్ల ముద్రలు, కంటిపాప గుర్తు, మనకున్న రోగము, చేసిన అప్పు, నిన్న రాత్రి అక్కచెల్లెండ్రతో ఫోనులో ఆడిన మాట, ఇవియన్నియు ఏవో కార్యాలయములలో, ఏవో యంత్రముల గర్భములో నిలువయున్నవి. కొన్నిటిని మనమే యిచ్చితిమి. కొన్ని మన యనుమతి లేకయే సేకరింపబడినవి. ఇవి యెవరి సొమ్ము? ఇచ్చినవారిదా, పుచ్చుకొన్నవారిదా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుకొననంతవరకు ఎన్ని చట్టములు చేసినను, ఎన్ని తాళములు వేసినను ప్రయోజనము స్వల్పమని మా యభిప్రాయము.

ఈ ప్రశ్న యెంత బరువైనదో తెలియుటకు హైదరాబాదు పాతబస్తీవైపు చూతము. ఆ బస్తీకి దక్షిణపుటంచున, చాంద్రాయణగుట్టకు సమీపమున, బార్కస్ అను పేట కలదు. సైనికుల నివాసములకు వాడు బారక్సు అను ఇంగ్లీషు మాటయే జనుల నోళ్లలో నలిగి బార్కస్ అయినది. యెమెను దేశపు హద్రమౌతు సీమనుండి వచ్చి నిజాము సైన్యమున కొలువుచేసిన అరబ్బుల సంతతివారు అక్కడ తరతరములుగా కాపురమున్నారు. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగిన పిమ్మట వారి కొలువులు పోయెను. విదేశీయులని యెంచి పలువురను నిర్బంధించిరి. కొందరిని సముద్రము దాటించి పంపివేసిరి. అరబ్బు అను మాట కొలువు పట్టికలో నిన్నటివరకు జీతమునకు గుర్తు. నేడదియే అనుమానమునకు హేతువయ్యెను. మనిషి మారలేదు, అతని పేరు మారలేదు. ఆ పేరును చదువువారును, చదువుటలోని యుద్దేశమును మారినవి. ఏ వివరమైనను దానంతటది నిరపాయకరమని చెప్పుటకు వీలులేదనుట కింతకంటె నిదర్శనమేల?

అది గతించిన కథ యని కొట్టివేయుటకు లేదు. 2020 ఫిబ్రవరిలో ఆధారు సంస్థవారి హైదరాబాదు కార్యాలయమునుండి 127 మందికి తాఖీదులు వెళ్లెను. పౌరసత్వమును నిరూపించు పత్రములతో విచారణాధికారి యెదుటికి రావలసినదని వానిలో నుండెను. తాఖీదు నందుకొన్నవారిలో పాతబస్తీకి చెందిన ఆటో నడుపుకొను నతడొక డుండెను. ఆధారునకును పౌరసత్వమునకును సంబంధము లేదని ఆ సంస్థయే పిమ్మట వివరణ యిచ్చుకొనవలసివచ్చెను. సంబంధము లేనిచో ఆ యడుగుట యెందులకు? రేషను బియ్యమునకును, గ్యాసు బండకును, బడిలో పిల్లవాని పేరు చేర్చుటకును ఇచ్చిన గుర్తు వేఱొకనాడు వేఱొక ప్రశ్నకు సాక్ష్యముగా నిలుచుట ఇల్లడ ధర్మమునకు విరుద్ధము. వివాహమునకు దాచిన నగను జూదమున పణముగా నొడ్డుట వంటిది.

ఇక వీథులలోని సంగతి. 2021 మే నెలలో, కరోనా నిర్బంధ దినములలో, పాతబస్తీకి చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారిని పోలీసులు దారిలో ఆపి, మాస్కు తీయుమని, ఆయన ముఖమును చిత్రము తీసికొనిరి. ఏ నేరమునకు, ఏ చట్టము ననుసరించి, ఎంతకాలము దాచుటకు అని ఆయన ప్రశ్నించెను. ముఖములను పోల్చి గుర్తుపట్టు యంత్రముల వాడుకకు చట్టాధారమేమని హైకోర్టులో వ్యాజ్యము వేసెను. 2022 జనవరిలో న్యాయస్థానము రాష్ట్రప్రభుత్వమునకు తాఖీదు పంపెను. 2021 అక్టోబరులో నగరమున పోలీసులు దారిన పోవు యువకుల నాపి, వారి ఫోనులను పుచ్చుకొని, సంభాషణలలో గంజాయి యను మాటకొఱకు వెదకిన దృశ్యములు దేశమంతట ప్రచారమయ్యెను. ఆ యేడే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థవారు పాతబస్తీ ప్రాంతములోని కాలాపత్తర్, కిషన్‌బాగ్ పేటలను పరిశీలించి, ఆ రెండింటిలోను సగమునకు మించిన ప్రదేశము కెమేరాల చూపులోనికి వచ్చుచున్నదని లెక్కవేసిరి.

తప్పు చేయనివానికి భయమెందులకని కొందరు పెద్దమనుష్యు లడుగుచున్నారు. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన మాట కాదు. తప్పిపోయిన బిడ్డను కెమేరా సాయమున కనుగొన్న తల్లి ఆ యంత్రమును దీవించును. మెడలోని గొలుసును తెంపుకొని పోయినవాడు పట్టుబడుటయు ఆ యంత్రమువలననే. మేము యంత్రమును నిందింపము. పై ప్రశ్నలో దాగియున్న భావనను మాత్రము పరీక్షింపవలెను.

దీనికి మొదటి సమాధానమును మన తెలుగువాడే చెప్పియున్నాడు. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అనువాని యింటికి పోలీసులు అర్ధరాత్రములందు వచ్చి తలుపు తట్టుచు, అతని రాకపోకలను కనిపెట్టుచుండిరి. ఆ వ్యాజ్యమున 1962లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రాత్రివేళ యింటికి పోవుట చెల్లదని అధికసంఖ్యాకులు నిర్ణయించిరి గాని, ఏకాంతపు హక్కు రాజ్యాంగమున లేదనిరి. రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిసు కోకా సుబ్బారావు గారు జస్టిసు షా గారితో కలసి విభేదించి, నిఘా మొత్తమును చెల్లదనిరి. వెంట నీడవలె నొకడు నడచుచుండగా మనుష్యుడు నడచు నడక స్వేచ్ఛానడక కానేరదనియు, అట్టివానికి దేశమంతయు చెఱసాలయే యనియు ఆయన వాదము. 55 ఏండ్ల పిమ్మట, 2017 ఆగష్టు 24వ తేదీన, జస్టిసు పుట్టస్వామి గారి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కని తీర్మానించిరి. నాటి యల్పసంఖ్యాకుల వాదమే ధర్మమని తేలెను. తప్పు చేయనివాడు సైతము, తన్నెవరో చూచుచున్నారని తెలిసినచో, మాట తగ్గించును. సభకు పోవుటకు సంకోచించును. ప్రశ్న నడుగబోయి మానుకొనును. ఈ సంకోచమునకు ఏ లెక్కలోను పద్దు లేదు. కాని సంఘసంస్కారము ప్రశ్నించువారివలన జరుగును గాని సంకోచించువారివలన జరుగదు.

రెండవ సమాధానము. మనుష్యుడు తప్పు చేయకున్నను యంత్రము తప్పు చేయవచ్చును. తెలంగాణ ప్రభుత్వము పలుశాఖల లెక్కలను జోడించి సమగ్ర వేదిక యను నొక యేర్పాటు చేసెను. ఎవరికి బండి యున్నది, ఎవరికి భూమి యున్నది యని పోల్చి, అనర్హులను రేషను పట్టికనుండి తీసివేయుట దాని యుద్దేశములలో నొకటి. ఉద్దేశము మంచిదే. కాని హైదరాబాదులో రిక్షా త్రొక్కి బ్రతికిన యొకని పేరు కారుగల వేఱొకని పేరుతో కలసిపోగా, ఆ బీదవానికి కారున్నదని యంత్రము నిర్ణయించెను. అతని యింటికి బియ్యము దొరకకపోయెను. ఈ సంగతి 2024లో ఒక పత్రికాపరిశోధన వలన లోకమునకు తెలిసెను. ఒకే పేరు గలవారు ఒక్క గల్లీలోనే పలువురుండు బార్కస్ వంటి పేటలలో ఇట్టి పొరపాటు ఎంత సులభమో వేఱుగ చెప్పనక్కఱలేదు. రాష్ట్రమున రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇల్లిల్లు తిరిగి మరల పరిశీలింపవలసినదని 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. ఆ ఆజ్ఞకు కారణమైన వ్యాజ్యమును వేసినవారును మసూద్ గారే. పూర్వము గ్రామకరణము తప్పు వ్రాసినచో అతని యరుగుమీద కూర్చుండి పోరాడుటకు వీలుండెను. యంత్రము వ్రాసిన తప్పును ప్రశ్నించుట కేయరుగు కలదు? తన్ను గూర్చి ఏమి వ్రాసియున్నదో తెలియనివాడు దానిని దిద్దుకొనుటెట్లు?

మూడవ సమాధానము. పుచ్చుకొన్నవారు సజ్జనులే యైనను, వారి కొట్టునకు కన్నము పడవచ్చును. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక ఫోనుల వర్తకుడు చేసిన పని చూడుడు. రిజిస్ట్రేషను శాఖవారి వెబ్‌సైటులో భూముల దస్తావేజులు అందఱికిని కనబడుచుండెను. దస్తావేజుపై అమ్మినవాని వ్రేలిముద్ర యుండును గదా! ఇతడు వానిని దించుకొని, రబ్బరు ముద్రలు చేయు యంత్రముతో దొంగవ్రేళ్లు తయారుచేసి, వేలకొలది సిమ్ము కార్డులకు ప్రాణముపోసెను. తన పొలము నమ్ముకొన్న రైతు తన వ్రేలిని కూడ అమ్మితినని కలనైన నెఱుగడు. ఇది యొక వర్తకుని దురాశ యందుమేని, 2024 మే నెల సంగతి యింకను విచిత్రము. ఆపదలోనున్నవారు పోలీసులకు మొఱపెట్టుకొనుటకు తెలంగాణ పోలీసులు నెలకొల్పిన హాక్ ఐ యను ఏర్పాటులోనికే ఒకడు చొఱబడి, అందలి వివరములను 150 డాలర్లకు అమ్మజూపెను. కొలది దినములలోనే పోలీసులు ఢిల్లీకి చేరువనున్న గ్రేటర్ నోయిడాలో ఇరువదియేండ్ల విద్యార్థిని పట్టుకొనిరి. ఆ చుఱుకుదనము మెచ్చదగినదే. కాని రక్షింపుమని చెప్పుకొన్న స్త్రీ పేరును, ఫోను సంఖ్యయు సంతలోనికి పోయినపిమ్మట దొంగ దొరకినను ఆ మఱుగు మరల రాదు. ధనము పోయినచో తిరిగి సంపాదించుకొనవచ్చును. వ్రేలిముద్ర పోయినచో మఱియొక వ్రేలిని ఎక్కడ తెచ్చుకొందుము?

ఇట్లు జారిపోయిన వివరములతోనే నేటి మోసములు నడచుచున్నవి. ఎవడో ఫోను చేసి, తాను పోలీసు నధికారిననును. మన పేరు, తండ్రి పేరు, ఆధారు సంఖ్య తప్పులేకుండ చెప్పును. ఇన్ని సంగతులు తెలిసినవాడు నిజముగా అధికారియే కావలెనని వృద్ధులు నమ్మి, జీవితమంతయు కూడబెట్టినదానిని వాడు చెప్పిన ఖాతాకు పంపుచున్నారు. డిజిటల్ అరెస్టు అనునది మన చట్టములలో నెక్కడను లేదు. మోసపోయిన ముసలివారిని తెలివితక్కువవారని యింటివారు నిందించుట మేమెఱుగుదుము. వారు నమ్మినది దొంగను కాదు. ప్రభుత్వమున కిచ్చిన రహస్యము ప్రభుత్వమునొద్దనే యుండునని నమ్మిరి. ఆ నమ్మకము తప్పగుట వారి దోషమా?

ఇచ్చట సంస్కారప్రియులైన చదువరులకు న్యాయమైన సందేహ మొకటి కలుగవచ్చును. ఇంటి గుట్టు అను పేరిటనే గదా బాల్యవివాహములు జరిగినవి? నాలుగు గోడల మఱుగుననే గదా కోడండ్రు బాధింపబడిరి? లంచగొండుల గుట్టును రట్టుచేసిన పత్రికలవలననే గదా మన దేశమున సంస్కార మారంభమైనది? మఱి యిప్పుడు గుట్టును కాపాడుమనుట వెనుకకు నడచుట కాదా?

కాదని మా మనవి. గుట్టు రెండు విధములు. బలవంతుడు తాను చేసిన యన్యాయమును కప్పిపుచ్చుకొనుట కుపయోగించు గుట్టొకటి. బలహీనుడు తన్ను తాను కాపాడుకొనుటకు ధరించు గుట్టు మఱియొకటి. మొదటిదానిని చింపవలెను, రెండవదానిని కాపాడవలెను. భర్త కొట్టుచున్నాడని స్నేహితురాలికి వ్రాసిన జాబు భర్త చేతికి పోకుండుట రెండవ గుట్టు. ఆ కొట్టుట బయటికి రాకుండుట మొదటి గుట్టు. అధికారి చేసిన పనికి లెక్క చెప్పవలెను. పౌరుడు తన బ్రతుకునకు లెక్క చెప్పనక్కఱలేదు. ఈ తారతమ్యమును మఱచినచో ధర్మము తలక్రిందులగును. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున మెచ్చదగిన యంశములు లేకపోలేదు. వివరములను కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జుల్మానా కలదు. సమాచారము చౌర్యమైనచో సొంతదారునకు తెలుపవలెనను విధి కలదు. 2025 నవంబరులో దాని నియమములు ప్రకటితమైనవి. ముఖ్యవిధులకు 18 నెలల గడువు పెట్టిరి. అయినను ఆ చట్టమే తాను కోరిన ప్రభుత్వసంస్థలను దేశభద్రత మొదలగు కారణములచేత ఈ విధులనుండి తప్పించు నధికారమును కేంద్రప్రభుత్వమునకిచ్చెను. సమాచారహక్కు చట్టములో, విశాలప్రజాహిత మున్నచో వ్యక్తిగత వివరమును సైతము వెల్లడింపవచ్చునను మాటను ఆ నిబంధననుండి తొలగించెను. పౌరుని యింటికి కిటికీలు పెంచి, కచేరీకి తెఱలు కట్టినట్లున్నది.

ప్రభుత్వము మన వివరములను పుచ్చుకొనరాదని మేము చెప్పుట లేదు. పేరు తెలియక పింఛను ఇచ్చుట యెట్లు? రోగము తెలియక మందిచ్చుట యెట్లు? పుచ్చుకొన్నవారు సొంతదారులు కారు, ఇల్లడదారులు మాత్రమే యన్నదే మా సిద్ధాంతము. ఇది మా కల్పన కాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపుల చట్టమును సవరించి, కలెక్టరు పంపిన యెవ్వరైనను బ్యాంకులలోనికి పోయి ఖాతాదారుల పత్రములను పరిశీలింపవచ్చుననెను. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడచిన ఆ వివాదమున 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను చెల్లదనెను. పత్రము బ్యాంకులో నున్నంతమాత్రమున ఖాతాదారునకు దానిపై గల ఏకాంతపు హక్కు నశింపదనియు, ఆ హక్కు మనుష్యుని నంటియుండునే గాని స్థలము నంటియుండదనియు ఆ తీర్పు సారము. మన పూర్వుల నిక్షేపధర్మమే నూతనభాషలో మరల పలికినట్లున్నది.

ఇల్లడదారుని విధులేవో పల్లెలోని యవ్వకును తెలియును. అక్కఱకు మించి పుచ్చుకొనడు. ఇచ్చిన పనికి గాక వేఱొక పనికి వాడడు. తన సొమ్ముకంటె జాగ్రత్తగా దాచును. దొంగలు పడినచో ఆ రాత్రియే వచ్చి చెప్పును. పరువు పోవునని దాచిపెట్టడు. పని తీరినపిమ్మట తిరిగి యిచ్చును. ఈ యైదింటిని కార్యాలయముల గోడలపై వ్రాయించి, మీఱిన యధికారిని శిక్షించినచో సగము చిక్కు తీరును. వీథిలో ముఖమును చిత్రించు పోలీసునకును, ఇంటింటికి వచ్చి వివరములు వ్రాసికొను లెక్కలగుమాస్తాకును ఒక్కటే ప్రశ్న: అయ్యా, ఇది యెందులకు, ఎన్నాళ్లకు? ఈ ప్రశ్న నడుగుట రాజద్రోహము కాదు. ఇల్లడ పెట్టినవాడు రసీదడుగుట వంటిది.

మఱి మన యిండ్లలో ఈ ధర్మ మెట్లు నడచుచున్నది? ఆధారు ప్రతిని జిరాక్సు దుకాణమున మఱచి వచ్చుచున్నాము. అక్కడ పాడైన ప్రతులలో మిర్చిబజ్జీలు కట్టి యిత్తురు. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతి దొరకునని తెలిసియు పూర్తి ప్రతినే యిచ్చుచున్నాము. వ్రేలిముద్రలకు తాళము వేసికొను నవకాశమున్నను వేసికొనము. పనిమనిషి వివరములను పోలీసులకు తెలుపుమన్నప్పుడు, ఆమె కార్డును పటము తీసి అపార్టుమెంటు వారందఱికిని పంపుచున్నాము. ఆమె ముఖ మామె సొమ్మని మనకు తోచదు. మన గుమ్మమునకు కట్టిన కెమేరా పొరుగింటివారి వాకిలిని, అక్కడ తలారబెట్టుకొను ఆడవారిని రేయింబవళ్లు చూచుచుండును. కోడలి ఫోనును అత్తయు, కూతురి ఫోనును అన్నయు తెఱచి చదువుట మర్యాదగల కుటుంబములలోను జరుగుచున్నది. పిల్లవాని స్నానమునుండి పరీక్షల మార్కులవరకు లోకమునకు చూపి, వాడు పెద్దయైన పిదప దానిని చూచి యేమనుకొనునో యని యోచింపము. ప్రభుత్వమును అడుగదలచిన ధర్మమును ముందు మన గడపలోపల పాటింపవలదా? బార్కస్ పేటలో నేటికిని పెక్కిండ్ల వాకిళ్లకు పరదా వ్రేలాడుచుండును. స్త్రీలను బంధించుటకు పరదాను వాడుటను సంస్కారవాదులు ఖండించిరి, మేమును ఖండింతుము. కాని వచ్చినవాడు పరదా వెలుపల నిలిచి, దగ్గి, లోపలివారి పిలుపుకొఱకు వేచియుండు నాచారములోని మర్యాదను మాత్రము విడువరాదు. ఆ వేచియుండుటనే మేము అధికారులనుండియు, వర్తకులనుండియు, మననుండియు కోరుచున్నాము.

కావున చదువరులకు మా విన్నపమిది. ఈ వారమున ఇంట నొకసారి అందఱును కూర్చుండి, మనమెవరి యెవరి వివరములను దాచియున్నామో లెక్క చూచుకొనుడు. పని తీరినవానిని తుడిచివేయుడు. ఇంటి పెద్దలకు, మోసము జరిగినచో సిగ్గుపడక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెనని నేర్పుడు. కచేరీలో కాగితమడిగినచో కారణ మడుగుడు. రేషను కార్డు పోయిన పొరుగింటివారికి అర్జీ వ్రాసిపెట్టుడు. వారిని గూర్చి యంత్రములో ఏమి వ్రాసియున్నదో చూపుమని వారి తరఫున మీరడుగుడు. చదువుకొన్నవా రడుగుట మొదలుపెట్టినచో, చదువురానివారును తమ సొమ్మును తమదని చెప్పుకొను దినము వచ్చును.